జ్వరం దిగిన రోజే జాగ్రత్త అని ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి పల్లె. వానాకాలంలో డెంగీ వచ్చినప్పుడు, బొప్పాయి ఆకు రసం తాగితే చాలు, దవాఖానకు పోనక్కర లేదు అనే వాయిస్ మెసేజ్ ఊరంతా తిరిగింది. మా మహిళా సంఘం పోస్టర్లు అంటించి, మైకులో చెప్పినా ఎవరూ వినలేదు. ప్రచారాన్ని మనుషులను కేంద్రంగా పెట్టుకొని రూపొందించాలని ఒక శిక్షణలో విన్నాను. అంటే మేము ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: పోస్టర్ రాయడానికి ముందు, నిరుడు జ్వరం వచ్చిన నాలుగైదు ఇళ్లకు వెళ్లండి. మొదటి రాత్రి ఏం చేశారు, దవాఖానకు పోదామని ఎవరన్నారు, వద్దని ఎవరన్నారు, బండి ఎక్కడ దొరికింది అని అడిగి, మధ్యలో సరిదిద్దకుండా వినండి. మీరు అడిగిన పద్ధతికి మొదటి మెట్టు ఇదే.

అలా వింటే ఆ పుకారు ఎందుకు నిలబడిందో తెలుస్తుంది. డెంగీ జ్వరం చాలామందిలో 3 నుంచి 7 రోజుల్లో దానంతట అదే దిగుతుంది. రసం తాగించిన ఇంట్లో నాలుగో రోజు బిడ్డ ఒళ్లు చల్లబడితే ఆ పేరు ఆకుకే దక్కుతుంది; కళ్లారా చూసిన తల్లి మన పోస్టర్‌ను ఎందుకు నమ్ముతుంది? కానీ కొందరిలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి, ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే. ఆకు రసం తీవ్రమైన డెంగీని ఆపుతుందనడానికి తగిన రుజువు లేదు. అయినా, నా దృష్టిలో పెద్ద నష్టం రసం వల్ల కాదు, దాని మీద భరోసాతో దవాఖానకు పోవడం ఆలస్యం కావడం వల్ల. అందుచేత ఆకుతో వాదం పెట్టుకోకుండా, జ్వరం దిగినా కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే బయలుదేరాలని చెప్పండి. ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడితే రక్తస్రావం పెరగవచ్చన్న మాటను మందుల దుకాణం వారితో, ఊళ్లోని ఆర్‌ఎంపీతో కూడా మాట్లాడండి.

వినకపోవడం మీ ఊరికే పరిమితం కాదు. పశ్చిమ ఆఫ్రికాలో, చనిపోయినవారిని తాకినా సోకే ప్రాణాంతక వ్యాధి ఎబోలా వ్యాపించినప్పుడు శవాన్ని తాకవద్దన్న ఆదేశాలు కుటుంబాలను గాయపరిచాయి, కొందరు చావులను దాచారు. 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతో కలిసి, ప్రార్థనకూ కడసారి చూపుకూ చోటిచ్చే సురక్షిత ఖనన విధానాన్ని ప్రకటించింది. అక్కడ మార్చవలసి వచ్చింది ప్రజలను కాదు, పద్ధతిని.

మీ సందేశాన్ని కూడా ముందు కాగితం మీద రాసి, ముగ్గురు తల్లులకూ ఒక అత్తకూ వినిపించి, వారి మాటల్లో తిరిగి చెప్పమనండి. ‘ప్లేట్‌లెట్లు’ అన్న చోట ఎవరైనా తడబడితే ఆ మాట తీసేయండి. ఆ తరువాత ఊరందరూ గుర్తుపట్టే గొంతుతో, ఆశా కార్యకర్త ఫోన్ నంబరూ రాత్రిపూట బండి ఇచ్చేవారి పేరూ చేర్చి, అర నిమిషం వాయిస్ మెసేజ్‌గా అవే గ్రూపుల్లో పెట్టండి. వారం తరువాత మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లి, ఏం గుర్తుందో అడిగి, గుర్తులేని భాగాన్ని తిరగరాయండి.