నోరు మూసుకున్నా ఇల్లు చల్లబడలేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. పెండ్లయి తొమ్మిదేండ్లు. అత్తమ్మ, మా ఆయన, ఏడేండ్ల బిడ్డ, నేను కలిసి ఉంటం. పెద్దాడబిడ్డను పరకాలల ఇచ్చిండ్రు. వాళ్లాయనతోటి పడక నెల రోజులు మా ఇంట్లనే ఉండి మొన్న తిరిగి పోయింది. ఆమె ఉన్నప్పుడు నేను శుక్రవారం ఉపవాస ప్రార్థనల ఆ సంగతి చెప్పి, ప్రార్థన చేయమన్న. అక్కడున్న ఒకామె దాన్ని సంఘం వాట్సాప్ గ్రూపుల వాయిస్ మెసేజ్‌గ పెట్టింది. అది పరకాల దాక పోయి, మా ఇంటి ముచ్చట చర్చిల పెట్టిన్రని ఆడబిడ్డ అత్తగారు లొల్లి చేసిన్రు. అప్పటి సంది మా అత్తమ్మ నాతోటి సరిగ మాట్లాడుత లేదు. మా ఆయన ఆటో నడుపుతడు, శనివారం రాత్రి తాగి వస్తడు. చిట్టి పైసలు అడిగితే గొడవైంది, "నీ నోటితోనే ఈ ఇల్లు ఆగమైంది" అన్నడు. ఆ ఆదివారం పాస్టరు గారు నాలుక గురించి వాక్యం చెప్పిండ్రు, అంత నాకే చెప్పినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి పది రోజులు నోరు మూసుకున్న. ఏమన్న చెప్పాల్నంటే బిడ్డతోటి చెప్పిస్తున్న. ఇల్లు ఇంకింత బిగుసుకపోయింది. మౌనమే దేవుని చిత్తమైతే నాకు సమాధానం, మనసుకు నిమ్మళం ఎందుకు లేదు? ప్రార్థన కూడికకు పోవుడు మానెయ్యాల్నా?
ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు బిడ్డ సంగతి. "నానమ్మను అన్నానికి రమ్మను", "డాడీని పైసలు అడుగు" అని పిల్లతో కబుర్లు పంపడం ఈ రోజే ఆపండి. ఏ మాటకు ఎవరి ముఖం ఎట్లా మారుతుందో పిల్లలు కనిపెడతారు. భయపడి మాట మారుస్తారు, కొంత మింగేస్తారు, ఆ తర్వాత లొల్లి జరిగితే తమ వల్లే జరిగిందనుకుంటారు. పొద్దున్నే కడుపు నొస్తుందని, బడికి పోనని ఏడిస్తే దానికి వెనక ఇదే ఉండొచ్చు. అన్నానికి పిలవడం, మందులు వేసుకున్నరా అని అడగడం, పైసల లెక్క చెప్పడం మీ నోటితోనే జరగాలి.

సమాధానం ఎందుకు లేదని అడిగారు. 39వ కీర్తన తీసి చూడండి. నా నోటికి చిక్కము పెట్టుకొందునని దావీదు మొదలుపెడతాడు. రెండో వచనంలో "క్షేమమును గూర్చియైనను పలుకక" మౌనంగా ఉన్నానని, అయినా విచారం అధికమైందని చెబుతాడు. మూడో వచనానికి గుండె మండిపోతోంది, నాలుగో వచనంలో నోరు తెరిచి దేవునితో మాట్లాడుతున్నాడు. చెడ్డ మాటతో పాటు మంచి మాటను కూడా ఆపేసుకుంటే జరిగేది అదే. మీరు లొల్లి మాటలతో పాటు "తిన్నరా అత్తమ్మా" అన్న మాటను కూడా ఆపేశారు.

ఐగుప్తు ఎడారిలో నివసించిన తొలినాటి సన్యాసుల్లో పొయిమెన్ అనే పెద్దాయన ఉండేవాడు. పైకి మౌనంగా ఉండి మనసులో ఇతరులను నిందించేవాడు ఎడతెగక మాట్లాడుతున్నట్టేనని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడినా పనికిమాలినది పలకనివాడు మౌనం పాటించినట్టేనని ఆయన చెప్పిన మాట. ఈ పది రోజుల్లో వంటింట్లో మీ మనసు ఎవరితో ఎన్ని మాటలు ఆడిందో మీకే తెలుసు. అత్తమ్మ దాన్ని మీ గిన్నెల చప్పుడులో వింటూనే ఉంటుంది.

ఉత్తరంలో మీరు మూడు సంగతులను ఒకటిగా కలిపేశారు. ప్రార్థనలో చెప్పిన మాట ఒకటి, శనివారం రాత్రి అడిగిన మాట ఒకటి, ఇప్పటి మూతి బిగింపు ఒకటి. మొదటిది నిజంగా తప్పు. రెండోది మాట సరైనదే, వేళ కాదు. మూడోది ఆ రెంటికీ మందనుకుని మీరు మింగింది. అందుకే ఒక్క మౌనంతో మూడూ బాగుపడలేదు.

మొదటిది తీసుకుందాం. "కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును" అని సామెతలు 11:13 చెబుతోంది. మీరు కొండెం చెప్పాలని చెప్పలేదు, నిజమే. కానీ మన కూడికల్లో చాలా ఇండ్ల గుట్టు బయటికి పోయేది "ప్రార్థన చేయండి" అన్న మాట వెనకే. పేరు, ఊరు, ఎన్నాళ్ల నుంచి, ఎందుకు పడటం లేదు అన్నవన్నీ విన్నపంలో కలిసిపోతాయి. దేవునికి అవన్నీ తెలుసు, వినేవాళ్లకు తెలియాల్సిన పని లేదు. అది ఎవరి ముచ్చటో వాళ్ల ఒప్పుదల లేకుండా నలుగురిలో చెప్పకూడదు. "మా ఇంట్లో ఒకరికి సమాధానం కావాలి" అంటే ప్రార్థనకు సరిపోతుంది. ఎవరికి, ఏమైంది అని ఎవరైనా గుచ్చి అడిగితే "ఆమెను అడగకుండ చెప్పలేను" అనండి. మీ సొంత బాధ అయితే చెప్పుకునే హక్కు మీదే, అదైనా పది మందిలో కాకుండా నమ్మకమైన ఒక్క పెద్దామెకు చెప్పండి. చెప్పకముందే "ఇది మీ దగ్గర్నే ఉండాలె" అని మాట తీసుకోండి.

ఇప్పుడు ఆడబిడ్డ దగ్గర తప్పు ఒప్పుకోవాలి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5:23-24 చెప్పేది బాధపెట్టినవారికే. కానీ పరకాల బస్సెక్కి నేరుగా వాళ్లింటికి పోకండి. వాళ్ల అత్తగారి ముందు మీరు క్షమాపణ మొదలుపెడితే ఆ ఇంట్లో పంచాయితీ మళ్లీ లేస్తుంది, ఆ భారం ఆమె మీదే పడుతుంది. ఫోన్ చేసి ఒంటరిగా ఉందో లేదో అడగండి. లేదంటే ఎప్పుడు చేయమంటుందో అడిగి పెట్టేయండి. దొరికినప్పుడు ఇంతే చెప్పండి: "వదినె, నీ ఇంటి సంగతి నిన్ను అడగకుండ ప్రార్థనల చెప్పిన. అది తప్పు. దానితోటి అత్తగారింట్ల నీకు మాట పడ్డది. నన్ను క్షమించు. ఇగ నీ ముచ్చట నా నోట బయటికి రాదు."

క్షమాపణలు చెడిపోయేది దీని తర్వాతి మాటతోనే. "నేను ప్రార్థన కోసమే కదా చెప్పిన", "ఆమె గ్రూపుల పెడుతదని నాకేం ఎరుక" అన్నవి నిజాలే కావచ్చు. అవి నోట్లోంచి వచ్చాయంటే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, లేదా వాదించాల్సి వస్తుంది. ఆమె తిట్టినా, ఏడ్చినా వినండి. అడ్డు చెప్పకండి. ఏం అనకుండా ఫోన్ పెట్టేసినా వెంటనే మళ్లీ చేయకండి. వాళ్ల అత్తగారితో మీరు మాట్లాడాలా వద్దా అన్నది ఆమె చెప్పినట్టే చేయండి.

వాయిస్ మెసేజ్ పెట్టినామె విషయంలో మీరు నొచ్చుకున్నవారు, అక్కడ మత్తయి 18:15 వర్తిస్తుంది: "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు". కూడిక అయ్యాక పక్కకు పిలిచి, అది ఇంకెవరికీ పంపొద్దని, వినిపించొద్దని అడగండి. చెరిపేయమని గొడవపడి లాభం లేదు. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా చెరిపే వీలు సుమారు రెండున్నర రోజులే ఉంటుంది. గ్రూపులో మీరు వివరణ మాత్రం పెట్టకండి. అప్పటిదాకా విననివాళ్లు కూడా పైకి జరిపి వెతుక్కుని వింటారు.

ఇక శనివారం రాత్రి. దీనికి బైబిలులో అబీగయీలు కన్నా దగ్గరి మనిషి లేదు. 1 సమూయేలు 25వ అధ్యాయం పూర్తిగా చదవండి. భర్త నాబాలు దావీదు మనుషులను అవమానించి పంపాడు. దావీదు 400 మందితో కత్తులు కట్టుకుని బయల్దేరాడు. అబీగయీలు భోజనసామగ్రి గాడిదల మీద వేసుకుని ఎదురెళ్లి, సాష్టాంగపడి, మాట్లాడి ఆ రక్తపాతాన్ని ఆపింది. ఇంటికి వచ్చేసరికి నాబాలు విందు చేసుకుని బాగా మత్తులో ఉన్నాడు. 36వ వచనం ప్రకారం తెల్లవారేదాకా ఆమె అతనితో ఏమీ మాట్లాడలేదు. ప్రసంగాల్లో ఇక్కడిదాకా చెప్పి "చూశారా, ఓర్పు" అని ఆపేస్తుంటారు. 37వ వచనంలో తెల్లవారి, మత్తు దిగాక, ఆమె జరిగిందంతా అతనికి చెప్పింది. రాత్రి ఊరకుండటం, పొద్దున చెప్పడం రెండూ కలిస్తేనే అబీగయీలు.

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న ఎఫెసీ 4:26ను పట్టుకుని, ఆ రాత్రే తేల్చుకోవాలని కొందరు మొండికేస్తారు. ఆ వాక్యం పెట్టుకోవద్దన్నది కోపాన్ని. చిట్టి లెక్క మరునాటికి వాయిదా వేస్తే వాక్యం మీరినట్టు కాదు. తాగినవాడికి చెప్పిన మాట సగం అర్థం కాదు, మిగతా సగం పొద్దుటికి గుర్తుండదు, మీరు గట్టిగా అరిచారన్నది మాత్రం గుర్తుంటుంది.

శనివారం ఆయన వచ్చాక "అన్నం పెట్టిన. పైసల ముచ్చట రేపు మూడు గంటలకు మాట్లాడుకుందాం" అని చెప్పి ఊరుకోండి. వేళ చెప్పడం మరిచిపోవద్దు. ఎప్పుడు మాట్లాడతారో చెప్పి ఆగితే ఎదుటివారికి ఓపిక వస్తుంది, చెప్పకుండా ఆగితే శిక్ష వేసినట్టు తోస్తుంది. ఆదివారం భోజనమయ్యాక, బిడ్డ ఆడుకోవడానికి పోయినప్పుడు, అత్తమ్మ నిద్రపోయినప్పుడు కూర్చోండి. ఒక్క సంగతే ఎత్తుకోండి. అంకెతో మొదలుపెట్టండి: "ఈ నెల చిట్టి 5,000. నా దగ్గర 2,000 ఉన్నయ్. మిగతాది పదో తారీఖు లోపల ఎట్ల?" ఇట్లాంటిదానికి జవాబు చెప్పొచ్చు. "నువ్వెప్పుడు గింతే", "మీ ఇంట్ల అందరు గింతే" అన్నవాటికి జవాబు ఉండదు, ఎదురుదాడే ఉంటుంది. అడిగాక ఆగండి. ఆయన ఆలోచించే ఆ కాస్త నిశ్శబ్దాన్ని భరించలేక మనమే ఇంకో మాట కలుపుతాం, అక్కడే తాగుడు ముచ్చట వచ్చి చిట్టి ముచ్చట పోతుంది. తాగుడు గురించి కూడా మాట్లాడాలి, దానికి ఇంకో రోజు పెట్టుకోండి. పావుగంటలో తేలకపోతే మళ్లీ ఎప్పుడో వేళ అనుకుని లేవండి. గొంతు పెరిగి గుండె దడదడలాడితే కనీసం 20 నిమిషాలు విడిగా ఉండండి. దడ తగ్గకముందు వినేది చెవికెక్కదు. ఆ 20 నిమిషాలు ఆయన మాటలను మనసులో తిప్పుకుంటూ కూర్చుంటే ఆగినట్టు కాదు, బట్టలు మడత పెట్టుకోవడం లాంటి పనేదైనా చేయండి.

ఆయన మీ మీద చేయి చేసుకుంటాడా లేదా అన్నది మీరు రాయలేదు. అదే ఉంటే పైన చెప్పిన పద్ధతులేవీ మీకు కావు. భార్యలు మాట లేకుండానే భర్తలను గెలవాలన్న 1 పేతురు 3:1 వాక్యాన్ని చూపి దెబ్బలను దాచమనే హక్కు ఎవరికీ లేదు. ఆ వాక్యం విశ్వాసంలోకి రాని భర్తను నడవడితో రాబట్టడం గురించినది. యేసు కూడా హేరోదు ముందు ఒక్క మాట పలకలేదు గానీ, ప్రధానయాజకుని దగ్గర బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు "నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు (యోహాను 18:23). మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఆ క్షణానే ప్రమాదం ఉంటే 112. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఒక్కచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా అడగొచ్చు.

అత్తమ్మ దగ్గర ఎక్కువ మాటలు వద్దు. ఆడబిడ్డకు ఫోన్ చేశాక, ముందు కాదు, "అత్తమ్మా, నా తప్పు వదినెకు ఒప్పుకున్న. మీకు కూడ బాధయింది, క్షమించుండ్రి" అని ఒక్కసారి చెప్పి మామూలు పలకరింపుల్లోకి రండి. ఆమె కొన్ని వారాల పాటు ముక్తసరిగానే జవాబిస్తుంది. ఆమె కూతురి పరువు విషయం కదా, ఇవ్వనివ్వండి. "నేను క్షమాపణ అడిగిన, ఇంకా గట్లనే ఉన్నరు" అని మీ ఆయనకు ఫిర్యాదు చేస్తే మొదటికొస్తుంది.

పాస్టరు గారి ప్రసంగం మీ కోసమే అనిపించిందన్నారు. నాలుక గురించిన యాకోబు 3వ అధ్యాయం మొదటి వచనం చూశారా? అది బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుందన్న హెచ్చరికతో మొదలవుతుంది. ఆడవాళ్ల నోటి గురించి ఆ అధ్యాయంలో ఒక్క మాట లేదు. వినడానికి వేగిరపడి, మాట్లాడటానికి నిదానించమన్న 1:19 కూడా "ప్రతి మనుష్యుడు" అనే అంటుంది. ఆ లెక్కన శనివారం రాత్రి మీ ఆయన అన్న మాటకూ అదే కొలత.

కూడికకు పోవడం మానకండి. మానేస్తే ఎందుకు రావడం లేదన్నదే ఇంకో ముచ్చట అవుతుంది. గుమ్మం దగ్గర 141వ కీర్తన మూడో వచనం, "నా నోటికి కావలియుంచుము", అనుకుని లోపలికి పొండి. కొన్నాళ్లు విన్నపాలేమీ ఇవ్వకుండా ఇతరుల కోసం ప్రార్థన చేసి రండి. పరకాల సంగతి ఎవరైనా తప్పకుండా అడుగుతారు, ప్రేమగానే అడుగుతారు. "అది మా వదినె ముచ్చట అక్కా, నేను చెప్పేది కాదు" అనండి, ఆ వెంటనే వాళ్ల పిల్లల పరీక్షలెట్లా రాశారో అడగండి.