పల్లవిలో మా గొడవ, వేదిక మీద రాజీనామా

ప్రశ్న: నా వయసు 34, మావారికి 37. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన లెక్కలు చెబుతారు. నేను బ్యాంకులో పనిచేస్తాను. మాకు ఆరేళ్ల పాప. పెళ్లికి ముందు నుంచీ ఆయన గిటారు వాయిస్తూ తెలుగులో సొంతంగా రాక్ పాటలు రాసి పాడుకుంటారు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక బృందం కట్టారు. నెలకో రెండు నెలలకో ఎక్కడో ఒక ప్రదర్శన. వచ్చిన డబ్బు పెట్రోలుకూ గిటారు తీగలకూ సరిపోతుంది. ఇన్నేళ్లలో ఆ పాటల గురించి నేనెప్పుడూ పేచీ పెట్టుకోలేదు. కిందటి నెల ఒక కేఫ్‌లో ఆయన ప్రదర్శనకు మా ఆడపడుచుతో కలిసి వెళ్లాను. కొత్త పాట ఎత్తుకున్నారు. పల్లవి వినగానే నా ఒళ్లు చల్లబడింది. ‘నీ గిటారుకు ఆరు తీగలు, నా ఓపికకు ఒకటే తీగ’ అని ఒక రాత్రి వంటింట్లో ఏడుస్తూ నేనన్న మాట అది. జనం చప్పట్లు కొడుతూ అదే పాడుతున్నారు. ఆడపడుచు నా వైపు చూసి తల దించుకుంది. చివర్లో, ‘వచ్చే జూన్ నుంచి ఉద్యోగం మానేసి పూర్తిగా సంగీతమే’ అని ఆయన మైకులో ప్రకటించారు. అంతకు ముందు నాతో ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి అడిగితే, ‘పీఎఫ్‌లో ఆరు లక్షలున్నాయి, ఆల్బమ్ చేస్తాను, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు’ అన్నారు. అత్తగారేమో, ‘సినిమాలో అవకాశమొస్తే అర్థముంది గానీ ఈ పాటలెవరు వింటారు, నువ్వే ఆపు’ అంటున్నారు. ఆపితే జన్మంతా నన్నే దెప్పుతారేమో. ఆపకపోతే ఇల్లు గడవదేమో. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీ కన్నీటి మాట పాటైందని మీకు తెలిసింది పదిమందిలో కూర్చున్నప్పుడు. ఇంటికొచ్చే రెండు జీతాల్లో ఒకటి జూన్‌తో ఆగిపోతుందని తెలిసిందీ అక్కడే. మీ సంసారం కబుర్లు మీరు శ్రోతల కుర్చీలో కూర్చుని వినాల్సి వచ్చింది. ముందు దీని సంగతి తేల్చుకోండి. ఉద్యోగం, ఆల్బమ్ తర్వాత. ‘నాకు నీ పాటల మీద కోపం లేదు, నాతో చెప్పాల్సినవి మైకుతో చెప్పావు’ అని ఆయనతో ఇంతే అనండి. డబ్బు మాట ఆ రోజు తేవద్దు. తెచ్చారా, ఆయన లెక్కల మాస్టారు, వాదన అటే మళ్లిస్తారు.

అత్తగారి మాటకు ఎక్కువ సమయం ఇవ్వను. పాటంటే సినిమా పాటే అనుకోవడం మన దగ్గర పాత అలవాటు. కానీ ఆవిడ తరంవాళ్లే ఘంటసాల ప్రైవేటు రికార్డులు ఇంటింటా పెట్టుకుని విన్నారు. సినిమాకు బయట పాట ఉంటుందని ఆవిడకు తెలియనిది కాదు, కొడుకు గురించి బెంగ అలా బయటికొస్తోంది. ఆయన్ని ఆపే పని ఆవిడ మీకు అప్పజెప్పారు. ఆ పని తీసుకోకండి. తల్లిగా చెప్పదలచుకున్నది ఆవిడే చెప్పుకోవచ్చు.

ఇక ఉద్యోగం. మీ వారి లాంటి మనిషి ఒకరు నాకు తెలుసు, పుస్తకాల్లో తెలిసినవారే లెండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డేటన్ అనే ఊరు. రాబర్ట్ పోలార్డ్ అక్కడ బడిపంతులు. పద్నాలుగేళ్లు చిన్న తరగతుల పిల్లలకు చదువు చెప్పారు. భార్య, ఇద్దరు పిల్లలు. సాయంత్రాలు స్నేహితులతో ‘గైడెడ్ బై వాయిసెస్’ అనే బృందం. రికార్డులు వేయించడానికి అప్పులు చేశారు, అవి అమ్ముడుపోలేదు. ఈ పిచ్చి మానమని ఇంట్లోవాళ్లు చెబుతూనే ఉన్నారు. 1992లో ఇదే ఆఖరిదనుకుంటూ ఒక ఆల్బమ్ చేసి అయిదువందల కాపీలు వేయించారు. అట్టలకు డబ్బుల్లేక ఒక్కొక్క దాన్నీ చేత్తో అలంకరించుకున్నారు. అదే చేతులు మారి బయటి ఊళ్లకు చేరింది. 1994లో వచ్చిన ఆల్బమ్‌తో దేశమంతా పేరొచ్చింది. అప్పుడు బడి మానేశారు. అప్పటికి ఆయన వయసు 36.

ఈ కథ మీ వారికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే రేపు తెలుసుకుని, ‘చూశావా, నా వయసులోనే మానేశాడు’ అంటారు. అందుకే ముందుగా మీకు చెబుతున్నాను. ఆ మాటకు మీ జవాబు సిద్ధంగా ఉండాలి. బడిలో జీతం తీసుకుంటూనే పోలార్డ్ అరడజను ఆల్బమ్‌లు చేశారు. వినేవాళ్లు వచ్చాక ఉద్యోగం మానేశారు, వినేవాళ్లు వస్తారని మానలేదు. ఇంకొకటి, పేరు తెచ్చిన ఆ 1994 ఆల్బమ్ ఖరీదైన స్టూడియోలో చేసింది కాదు. ఇళ్ల కింది గదుల్లో, గ్యారేజీల్లో, నాలుగు ట్రాకుల చిన్న రికార్డర్ మీద చేశారు. ఆ గరగర శబ్దాన్నే జనం ఇష్టపడ్డారు. మీ వారి కాలేజీ ఉద్యోగం ఆయన పాటకు శత్రువేమీ కాదు. నన్నడిగితే ఇన్నేళ్లూ దానికి అన్నం పెట్టింది అదే.

మన దేశంలో ఈ దారిలో నడిచినవాళ్లనూ చూపిస్తారు, చూపించనివ్వండి. జైపూర్ కుర్రాడు ప్రతీక్ కుహాడ్ న్యూయార్క్‌లో లెక్కలూ ఆర్థికశాస్త్రమూ చదివి, కొన్నాళ్లు కన్సల్టింగ్ ఉద్యోగం చేసి, తిరిగొచ్చి పాటలు పట్టుకున్నారు. 2019లో ఒబామా తనకు నచ్చిన పాటల జాబితాలో ఆయన పాటను చేర్చారు. ఆ మరుసటి సంవత్సరం అమెరికా కంపెనీ ఒకటి ఒప్పందం చేసుకుంది. బాగుంది. ఒబామాను నమ్ముకుని పాప స్కూలు ఫీజు కట్టలేం కదా. పైగా ఆయన పాడేది ఇంగ్లిష్‌లో, హిందీలో. తెలుగు రాక్‌కు దగ్గరి పోలిక కేరళలో ఉంది. అక్కడ ‘అవియల్’ బృందం 2008లో మలయాళంలో రాక్ ఆల్బమ్ తెచ్చి నిలబడింది. అందులో గిటారు వాయించిన రెక్స్ విజయన్ తర్వాత సినిమాలకు సంగీతం చేశారు. సొంత పాట పాడుకున్నంత మాత్రాన సినిమా తలుపులు మూసుకోనక్కర్లేదు. ఈ ఒక్కటి అత్తగారికి చెప్పండి, కాస్త నెమ్మదిస్తారు.

ఇప్పుడు ఆ ఆరు లక్షలు. పీఎఫ్ డబ్బు మీ ఇద్దరి ముసలితనం కోసం దాచింది, అది కదలకూడదని నా గట్టి అభిప్రాయం. దానికి బదులు ఒక పాత ఉదాహరణ చెబుతాను. 1977లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ కుర్రాళ్లు ‘బజ్‌కాక్స్’ అనే బృందంగా అయిదువందల పౌండ్లు అప్పు తెచ్చి సొంతంగా ఒక రికార్డు వేసుకున్నారు. పెద్ద కంపెనీ గడప తొక్కకుండా పాట బయటికి తేవచ్చని చాలామందికి ధైర్యమిచ్చింది అదే. అందులో ఉన్నవి నాలుగే పాటలు, ముందు వేసినవి వెయ్యే కాపీలు. అవి అమ్ముడుపోయాకే మళ్లీ వేశారు. మీ వారినీ నాలుగు పాటలతో మొదలుపెట్టమనండి. వేసవి సెలవుల్లో, ఇద్దరూ కూర్చుని అనుకున్న మొత్తంలో, పోయినా మళ్లీ ఆ ఊసెత్తనక్కర్లేనంత డబ్బుతో. ఆ మొత్తం ఎంతో నేను చెప్పను, మీరు బ్యాంకులో పనిచేస్తున్నారు. కాలేజీలో జీతం లేని సెలవు ఇస్తారేమో కనుక్కోమనండి. గంటల లెక్కన చెప్పే పని ఉంటుందేమో కూడా. రాజీనామాకూ రోజూ కాలేజీకి వెళ్లడానికీ మధ్య ఇలాంటి మెట్లు చాలా ఉంటాయి. వేదిక మీద ప్రకటించాను కాబట్టి వెనక్కి తగ్గలేననే అభిమానం అడ్డొస్తుంది. కేఫ్‌లో చప్పట్లు కొట్టినవాళ్లకు ఆ తారీఖు గుర్తుండదు, ఆ మాట మెల్లగా అనండి.

రాబడి గురించి కలలు కనకముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మన కాపీరైట్ చట్టంలో పాటకు మూడు హక్కులు: సాహిత్యానిది ఒకటి, బాణీది ఒకటి, రికార్డింగ్‌ది ఒకటి. మీ వారు మొదటి రెండింటికీ సొంతదారు. రికార్డింగ్ ఖర్చు ఎవరు పెడితే మూడోది సాధారణంగా వాళ్లది. కాబట్టి ఎవరైనా స్టూడియో ఖర్చు మాది అని వస్తే కాగితం చదివి సంతకం పెట్టాలి. 2012 సవరణ తర్వాత హక్కులు ఎవరికి రాసిచ్చినా రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా పోదు. అది వసూలు కావాలంటే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వం ఉండాలి. ఆయన తీసుకున్నారా? పదేళ్లుగా పాడుతున్నవాళ్లలోనూ ఆ సంగతి పట్టించుకోనివారు చాలామందే ఉంటారు. ఇక ఆన్‌లైన్‌లో పెట్టేస్తే డబ్బులొస్తాయనుకోవద్దు. స్పాటిఫైలో 2024 నుంచి, పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినని పాటకు పైసా రాదు. ఆ ముగ్గురు స్నేహితులతో వాటాలు కాగితం మీద రాసుకున్నారో లేదో కూడా అడగండి. బృందాలు విడిపోయేటప్పుడు పంచాయితీ అక్కడే పడుతుంది.

ఇవన్నీ మీరు అడిగితే, ఆయనకు తన పాటను పనిగా చూసే మనిషి ఇంట్లో మొదటిసారి దొరికినట్టు. ఇన్నాళ్లూ మీరు దాన్ని భరించారు, మీరు భరిస్తున్నారనే ఆయనా అనుకున్నారు. ఈ మాటకు మీరు నొచ్చుకోవచ్చు. నెలకోసారి, పాప నిద్రపోయాక, ఇద్దరూ ఒక నోట్‌బుక్ ముందేసుకుని ఆ నెల పాటకు ఎంత పోయింది, ఎంత వచ్చింది, ఎన్ని సాయంత్రాలు ఇంటికి దూరమయ్యాయి రాసుకోండి. ఒక ఏడాది రాస్తే, ఉద్యోగం మానాలో వద్దో ఆ పుస్తకంలో ఇద్దరికీ కనబడుతుంది. అప్పుడు ఎవరూ ఎవర్నీ ఆపినట్టుండదు.

చివరిగా ఆ పల్లవి. పాట రాసేవాళ్లకు ఇల్లే ముడిసరుకు, దాన్ని పూర్తిగా వద్దనలేం. కానీ ఇంట్లో మాట పాట కావాలంటే ముందు ఇంట్లో వినిపించాలి. మీరు వద్దంటే అది బయటికి వెళ్లకూడదు. ఈ షరతు దగ్గర మాత్రం మెత్తబడకండి. ఆ పాటను మీకొక్కరికే, మైకు లేకుండా, ఒకసారి పాడమనండి. ఏడుపొస్తే ఏడవండి. కోపమొస్తే ఇక పాడొద్దనండి, ఆ పాట అక్కడితో ఆగిపోతుంది. ఒకవేళ పాడనిద్దామనిపిస్తే, పాట నమోదు చేసేటప్పుడు రచయితల పేర్లకు ఒక గడి ఉంటుంది. ‘ఒకటే తీగ’ మాట మీది. అక్కడ రెండో పేరు ఎవరిదో, వాటా ఎంతో, ఆ లెక్క కూడా ఆయన్నే వేయమనండి.