పాదం నేలమీదే ఉండనీ

తమ్ముడూ,

బైబిల్లో 'నడచు' అనే క్రియ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి బైబిల్ పక్కన పెట్టుకుని. కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ నలభై వచనాలు వరుసగా పేర్చి, ఒక్కోదాని పక్కన 'ఇది విధేయతకు గుర్తు', 'ఇది విశ్వాసానికి గుర్తు' అని చీటీలు అంటించుకుంటూ పోయావు. గోదాములో సరుకు లెక్క రాసినట్టుంది. వ్యాసం మొత్తంలో ఒక్క మనిషి కూడా నాకు నడుస్తూ కనబడలేదు.

నేనూ ఇదే చేశాను, అందుకే చెబుతున్నా. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పత్రికకు 'బైబిల్లో నడక అంటే విధేయతే' అని ధీమాగా రాసి పంపాను. అచ్చయింది. వారం తిరక్కుండా ఒక కార్డు వచ్చింది. అందులో రెండే వాక్యాలు: 'అయ్యా, యోబు మొదటి అధ్యాయంలో సాతాను కూడా నడుస్తూనే వచ్చాడు. ఆయన ఎవరికి విధేయుడు?' ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఏ క్రియ గురించి రాయబోయినా ముందు ఆ కార్డే గుర్తొస్తుంది.

హీబ్రూలో ఈ క్రియ 'హాలఖ్'. పాత నిబంధనలో సుమారు 1,500 సార్లు వస్తుంది. వెళ్ళడం, నడవడం, పోవడం, అన్నీ అదే. దానికే 'హిత్‌హల్లేఖ్' అని ఇంకో రూపం ఉంది. అటూ ఇటూ తిరగడం, సంచరించడం అని అర్థం. ఈ రూపం ఎవరెవరికి వాడారో చూడు. చల్లపూట ఏదెను తోటలో దేవుడు సంచరించాడు. హనోకు దేవునితో నడిచాడు. సాతాను భూమి మీద తిరిగొచ్చానన్నాడు. రెండో సమూయేలు 11వ అధ్యాయంలో, రాజులు యుద్ధానికి వెళ్ళే కాలంలో ఇంటి పట్టున ఉండిపోయిన దావీదు పడక మీదనుంచి లేచి మిద్దె మీద నడిచాడు. నలుగురికీ ఒకటే మాట.

తోటలో సాయంత్రాన్ని, మిద్దె మీద సాయంత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడు. ఒకచోట దేవుడు తిరుగుతుంటే మనుషులు చెట్ల మధ్య దాక్కున్నారు. ఇంకోచోట రాజు తిరుగుతూ తిరుగుతూ, చూడకూడనిది చూసి, చేయకూడనిది చేసి, దాన్ని దాచడానికి నానా తంటాలు పడ్డాడు. రాసినవాళ్ళు ఈ పోలిక కావాలని పెట్టారని నేననను. కానీ 'నడక = విధేయత' అని చీటీ అంటించేసి ఉంటే మన కంటికి ఇది ఆనేది కాదు.

మరి అర్థం ఎక్కడుంది? నేను ముందు చూసేది క్రియ పక్కనుండే చిన్న మాటని. హనోకు, నోవహు దేవుని'తో' నడిచారు. అబ్రాహాముకు 99 ఏళ్ళప్పుడు దేవుడు 'నా సన్నిధిలో నడువు' అన్నాడు. హీబ్రూలో అది 'నా ముందు'. ఈ 'తో'కీ 'ముందు'కీ తేడా ఏమిటని పాత యూదు పండితులు తెగ ఆలోచించారు. ఆదికాండం మీద వాళ్ళ వ్యాఖ్యానంలో ఒక ఉపమానం ఉంది. ఒక రాజుకి ఇద్దరు కొడుకులట. చిన్నవాణ్ణి 'నాతో నడువు' అన్నాడు, పడిపోతాడని. పెద్దవాణ్ణి 'నా ముందు నడువు' అన్నాడు, వాడికి బలముంది కదా అని. నోవహు చిన్నవాడు, అబ్రాహాము పెద్దవాడు. ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం, ఒక్క విభక్తి మీద వాళ్ళు అంతసేపు ఆగారు చూడు, అది నేర్చుకో. ఆ యూదులే ఎలా బతకాలో చెప్పే తమ ధర్మశాస్త్ర నియమాలన్నిటినీ కలిపి 'హలాఖా' అంటారు. అదీ ఈ ధాతువు నుంచి వచ్చిందే.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. మనకి నడకా ఉంది, నడతా ఉంది, నడవడీ ఉంది. 'వాడి నడవడి బాగాలేదు' అంటే వాడు కుంటుతున్నాడని ఎవరూ అనుకోరు. అందుకే అపొస్తలుడు పౌలు రాసిన పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, 'నడుచుకొనుడి' అని వస్తే మనం ఇట్టే అందుకుంటాం. నష్టమూ అక్కడే. అంత తేలిగ్గా అందుకోవడం వల్ల లోపలున్న పాదం మన కంటికి కనబడదు. రెండో కొరింథీ 5:7లో 'వెలి చూపువలన కాక విశ్వాసమువలననే నడుచుకొనుచున్నాము' అని చదివి, సత్ప్రవర్తన గురించి అనుకుని దాటిపోతాం. కళ్ళతో కాకుండా నడవడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించు. కరెంటు పోయినప్పుడు గదిలో చేతులు చాపుకుంటూ వేసే అడుగు అది. పౌలు వాడిన గ్రీకు మాట 'పెరిపతేఓ', అసలు అర్థం కాళ్ళతో అటూ ఇటూ నడవడమే. ఆ చీకటి గది లేకుండా ఆ వచనం మీద ఏం రాసినా చప్పగానే ఉంటుంది.

మీకా 6:8 నీకు కంఠతా వచ్చే ఉంటుంది. మన వాడుక బైబిల్లో 'న్యాయముగా నడుచుకొనుటయు' అని ఉంది కదా? హీబ్రూలో అక్కడ నడక లేదు, 'న్యాయం చేయడం' అని ఉంది. నడక చివరి మాటలో ఉంది, 'నీ దేవునితో అణకువగా నడవడం' అని. మన అనువాదంలో అది 'నీ దేవుని యెదుట ప్రవర్తించుట' అయింది. అంటే నడక మూడో మాటనుంచి మొదటిదానికి జరిగింది, 'తో' కాస్తా 'యెదుట' అయింది. అనువదించినవాళ్ళని తప్పుపట్టను, 'న్యాయంగా నడుచుకో' అన్నంత సహజంగా ఇంకోటి తెలుగులో కుదరదు. కానీ నువ్వు నీ వ్యాసంలో 'మీకా న్యాయాన్ని నడకతో పోల్చాడు' అని రాశావు. పోల్చలేదు, ఆ వాక్యం కొట్టెయ్. ఇలాంటిదే యోహాను 6:66. చాలామంది శిష్యులు యేసును 'వెంబడింపలేదు' అని మనకుంది. గ్రీకులో 'ఆయనతో నడవలేదు' అని ఉంది. మనం పోగొట్టుకున్న నడకల జాబితా ఒకటి రాసుకుంటూ ఉండు, ఎప్పటికైనా పనికొస్తుంది.

ప్రతి నడకా గుర్తు కాదన్నది కూడా గుర్తుంచుకో. జలప్రళయం తర్వాత నీళ్ళు తీసిన తీరు చెప్పడానికి హీబ్రూలో ఇదే క్రియ వాడారు. మనం 'తగ్గుతూ పోయాయి' అంటాం చూడు, అచ్చం అలాగే. అందులో పరమార్థం వెతక్కు. నీ నలభైలో ఓ పదిహేను ఇలాంటివే.

'పోవడం' అన్నాను కాబట్టి, నీ వ్యాసంలో లేనిది ఒకటి చెబుతాను. తెలుగులో 'ఆయన పోయాడు' అంటే సంగతి అర్థమైపోతుంది. హీబ్రూలోనూ హాలఖ్‌కి ఆ నీడ ఉంది. 'నేను సంతానము లేనివాడనై పోవుచున్నానే' అని అబ్రాహాము, అప్పటికింకా అబ్రాము, వాపోయింది ఆ మాటతోనే. 39వ కీర్తన చివర, ఆయుష్షు బెత్తెడేనని తలుచుకుని తలుచుకుని అలిసిపోయిన మనిషి 'నేను వెళ్లిపోయి లేకపోకమునుపు' అని బతిమాలుకుంటాడు. ఆ రెండు మాటలు, వెళ్ళడం, లేకపోవడం, ఇంకెక్కడ విన్నాం? హనోకు దగ్గర. 'దేవునితో నడిచెను', 'అతడు లేకపోయెను'. అవే ధాతువులు. ఆదికాండం 5వ అధ్యాయమంతా ఒకటే పాట: ఫలానావాడు ఇన్నేళ్ళు బ్రతికాడు, మృతిబొందాడు. 365 ఏళ్ళ హనోకు దగ్గరికి వచ్చేసరికి ఆ చివరి మాట రాదు, దేవుడు అతన్ని తీసుకుపోయాడని వస్తుంది. కీర్తనకారుడు ఏ మాటలకి వణికిపోయాడో ఆ మాటలే హనోకు విషయంలో దుఃఖం లేకుండా వచ్చాయి. తేడా అంతా మధ్యలో ఉన్న 'దేవునితో'లో ఉంది. నువ్వు హనోకుకి ఇచ్చింది అర వాక్యం. నేనైతే రెండు పేజీలు అక్కడే కూర్చుందును.

ఇంకోచోట కూడా ఆగు. ఆదికాండం 22, అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుని బలివ్వడానికి తీసుకెళ్ళే దారి. మూడో రోజున ఆ చోటు దూరాన కనబడింది. కట్టెలు కొడుకు మోస్తున్నాడు, నిప్పూ కత్తీ తండ్రి చేతిలో. 'వారిద్దరు కూడి' వెళ్ళారు అని ఒకసారి వస్తుంది. అప్పుడు పిల్లవాడు అడుగుతాడు: నిప్పుంది, కట్టెలున్నాయి, గొఱ్ఱెపిల్ల ఏదీ? తండ్రి ఏదో చెబుతాడు. మళ్ళీ అదే మాట, వారిద్దరు కూడి వెళ్ళారు. మొదటిసారికీ రెండోసారికీ అక్షరం మారలేదు, కానీ రెండోసారి ఆ పిల్లవాడి అడుగు మొదటిలాగే పడిందా? మూలం చెప్పదు. తిరుగు ప్రయాణంలో 19వ వచనంలో, హీబ్రూలో ఆ 'కూడి' అన్న మాటే మూడోసారి వస్తుంది. ఈసారి అబ్రాహాముతో పాటు పనివాళ్ళు. ఇస్సాకు పేరు అక్కడ లేదు. దీని మీద నీ వ్యాఖ్యానం ఏమీ రాయకు. ఆ మూడు చోట్లా ఒకదాని కింద ఒకటి పెట్టి తప్పుకో, పాఠకుడు చూసుకుంటాడు.

మొదటి కీర్తనలో నడవక, నిలువక, కూర్చుండక అనే వరుస గురించి పేజీన్నర రాశావు. బాగుంది గానీ అది ప్రతి ప్రసంగంలోనూ వినేదే. తగ్గించు. దానికి బదులు యెషయా 40:31 వరుస చూడు: ఎగరడం, పరుగెత్తడం, చివరికి నడవడం. కవి ఎవరైనా నడకతో మొదలెట్టి ఆకాశానికి ఎక్కుతాడు, ఈయన దిగుతున్నాడేమిటి? ఆ అధ్యాయం బబులోను చెరలో ఉన్నవాళ్ళని ఓదార్చేది. తర్వాతి కాలంలో యాజకుడు ఎజ్రా బబులోను నుంచి యెరూషలేముకు ఎన్నాళ్ళు ప్రయాణం చేశాడో లెక్క ఉంది. మొదటి నెల ఒకటో తారీఖున బయల్దేరి ఐదో నెల ఒకటో తారీఖున చేరాడు. నాలుగు నెలలు. ఎగరడం ఒక పూట ఉత్సాహం. నాలుగు నెలల దారికి కావలసింది సొమ్మసిల్లని నడకే. ఈ లెక్క పక్కన పెట్టుకుని మళ్ళీ ఆ వచనం చదువు.

గుర్తుల సంగతి అంటావా, అవి ఉన్నాయి, కాదనను. ముందు పాదం నేలమీద ఆననీ, ఎవరు, ఎవరితో, ఏ పూట, ఎంత దూరం అన్నవి తేలనీ. గుర్తు దానంతటదే పైకి వస్తుంది. రాకపోతే అక్కడ లేదనుకో, టెన్షన్ పడకు.

మళ్ళీ రాసేటప్పుడు, యేసు తిరిగి లేచిన రోజున ఇద్దరు శిష్యులు నడిచిన ఎమ్మాయు దారి గురించి రాసిన పేరా మాత్రం ముట్టుకోకు. నీ వ్యాసంలో నిజంగా నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ ఇద్దరే, కొంచెం దూరమైనా నడిచారు. అయితే సగం దారిలో వదిలేశావు. లూకా 24 మళ్ళీ తెరువు. అరవై స్టాడియాల దూరం, దాదాపు 11 కిలోమీటర్లు. ఊరు చేరాక, దారిలో తమతో కలిసిన అపరిచితుణ్ణి వాళ్ళు ఏమని ఆపారు? సాయంకాలం కావచ్చింది, పొద్దు గుంకింది, మాతో ఉండిపొమ్మని. రొట్టె విరిచాక ఆయన యేసేనని తెలిసింది, ఆయన కనబడకుండా పోయాడు. వెంటనే ఆ గడియలోనే లేచి యెరూషలేముకు తిరిగి వెళ్ళారు. ఆయన్ని ఈ చీకట్లో పోవద్దన్నవాళ్ళు, అదే చీకట్లో, అదే 11 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు దారంతా వాళ్ళేం మాట్లాడుకున్నారో, ముఖాలు ఎలా ఉన్నాయో కూడా లూకా రాశాడు. వచ్చేటప్పటి దారి గురించి ఒక్క ముక్క రాయలేదు.

నీ
అన్నయ్య