హ్యాష్‌సెట్‌లో వేసిన ఆబ్జెక్ట్ దొరకదేం?

ప్రశ్న: జావాలో కస్టమర్ క్లాస్‌కు ఈమెయిల్ ఆధారంగా ఈక్వల్స్ (రెండు ఆబ్జెక్టులు సమానమా అని చూసేది), హ్యాష్‌కోడ్ (ఆబ్జెక్ట్‌కు ఒక సంఖ్య లెక్కగట్టేది) రెండూ ఓవర్‌రైడ్ చేశాను. ఆబ్జెక్ట్‌ను హ్యాష్‌సెట్‌లో (ఒకే విలువను రెండుసార్లు ఉంచని సెట్) వేశాక ఈమెయిల్ మార్చాను. ఇప్పుడు కంటైన్స్ పిలిస్తే ఫాల్స్ వస్తోంది. రిమూవ్ చేద్దామన్నా పోవడం లేదు. ప్రింట్ చేస్తే మాత్రం సెట్‌లోనే ఉంది. ఎందుకిలా?

జవాబు: మీ ఈక్వల్స్‌లో తప్పేమీ లేదు, చిక్కంతా ఈమెయిల్ మార్చడంలోనే ఉంది. హ్యాష్‌సెట్ లోపల పనిచేసేది హ్యాష్‌మ్యాప్. మామూలుగా అది 16 బకెట్లతో, అంటే ఆబ్జెక్టులు ఉంచే అరలతో, మొదలవుతుంది. యాడ్ చేసినప్పటి హ్యాష్‌కోడ్‌ను బట్టి ఆబ్జెక్ట్ ఏ బకెట్‌లోకి పోవాలో తేలుతుంది. ఆ హ్యాష్ నోడ్‌లోనే, అంటే బకెట్‌లో ఆబ్జెక్ట్‌ను పట్టుకునే చిన్న పెట్టెలోనే, నిలిచిపోతుంది. తర్వాత మీరు ఈమెయిల్ మార్చిన సంగతి సెట్‌కు తెలియదు. కంటైన్స్ కొత్త హ్యాష్‌తో, చాలావరకు వేరే బకెట్‌లో వెతుకుతుంది. అదే బకెట్ తగిలినా లాభం లేదు: ఈక్వల్స్ దాకా వెళ్లకముందే నోడ్‌లోని పాత హ్యాష్‌తో పోల్చి, కలవలేదని వదిలేస్తుంది. ప్రింట్ చేసేటప్పుడు బకెట్లన్నీ వరసగా చూస్తుంది కాబట్టి కనపడుతుంది.

ఎంట్రీలు 12 దాటితే టేబుల్ 32 బకెట్లకు పెరుగుతుంది కదా, అప్పుడైనా సర్దుకుంటుందా అంటే, లేదు. అప్పుడు కూడా నోడ్‌లోని పాత హ్యాష్‌నే వాడుతుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, అదే ఆబ్జెక్ట్‌ను మళ్లీ యాడ్ చేస్తే రెండోసారీ చేరిపోతుంది.

మార్చక తప్పదనుకుంటే ముందు సెట్‌లోంచి తీసి, మార్చి, మళ్లీ వేయండి. అసలైన మందు మాత్రం హ్యాష్‌కోడ్‌లో వాడే ఫీల్డులను ఫైనల్, అంటే ఒకసారి విలువ ఇచ్చాక మార్చలేనివిగా, చేయడం. జావా 16 నుంచి రికార్డ్ (డేటా ఉంచడానికే ఉన్న క్లాస్ రకం) వాడితే ఫీల్డులు వాటంతటవే ఫైనల్ అవుతాయి, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ కూడా కంపైలరే ఇస్తుంది. రికార్డ్‌లో లిస్ట్ ఉంటే మాత్రం జాగ్రత్త: రిఫరెన్స్ ఫైనలే గానీ, లిస్ట్ లోపలి సరుకు మారగలదు. కన్‌స్ట్రక్టర్‌లోనే లిస్ట్ డాట్ కాపీఆఫ్‌తో నకలు తీసి దాచండి.

ప్రశ్న: డబ్బు లెక్కలకు బిగ్‌డెసిమల్ వాడుతున్నాను. 2.0, 2.00 సమానం కావంటోంది.

జవాబు: బిగ్‌డెసిమల్ ఈక్వల్స్ విలువతో పాటు స్కేల్‌ను, అంటే దశాంశ స్థానాల సంఖ్యను కూడా పోలుస్తుంది. విలువ ఒక్కటే కావాలంటే కంపేర్‌టు పిలిచి సున్నా వచ్చిందో లేదో చూడండి. ఇదే కారణంగా ఆ రెండు విలువలూ హ్యాష్‌సెట్‌లో విడివిడిగా ఉంటాయి, కంపేర్‌టుతో పోల్చే ట్రీసెట్‌లో ఒక్కటే మిగులుతుంది. ఇంకోటి, కన్‌స్ట్రక్టర్‌కు 0.1ను డబుల్‌గా ఇవ్వకండి, డబుల్ 0.1ను బైనరీలో సరిగ్గా ఉంచలేదు, ఆ తేడా కూడా వెంట వచ్చేస్తుంది. స్ట్రింగ్‌గా ఇవ్వండి.

ప్రశ్న: ఫర్-ఈచ్ లూప్‌లో అర్రేలిస్ట్ నుంచి ఎలిమెంట్ తీసేస్తే ఒక్కోసారి కాన్‌కరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తోంది, ఒక్కోసారి రావడం లేదు.

జవాబు: రానప్పుడే ఎక్కువ భయపడాలి. మూడు ఎలిమెంట్ల లిస్ట్‌లో రెండోదాన్ని తీశారనుకోండి. సైజు 2 అవుతుంది, లూప్‌ను నడిపే ఇటరేటర్ కర్సర్ (తర్వాత చూడాల్సిన స్థానం) కూడా 2 దగ్గరే ఉంటుంది. రెండూ సమానం కాబట్టి అయిపోయిందనుకుని లూప్ ఆగుతుంది. మూడో ఎలిమెంట్‌ను ఎవరూ చూడరు, ఎర్రరూ రాదు. జావా 8 నుంచి ఉన్న రిమూవ్‌ఇఫ్‌కు షరతు ఇవ్వండి, ఒక్క లైన్లో పని అవుతుంది. లిస్ట్ డాట్ ఆఫ్‌తో చేసిన లిస్ట్‌లో మాత్రం తీసివేతలు కుదరవు. ముందు దాన్ని కొత్త అర్రేలిస్ట్‌లోకి ఎక్కించుకోండి.