వెనక యాక్సిల్ రేషియో చేత్తో లెక్కపెట్టడం

చి|| రవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మోరిస్ మైనర్ కాగితాల్లో 1959 మోడల్ అని ఉంది, బానెట్ ఎత్తితే 1098 సీసీ ఇంజిన్ కనిపిస్తోంది అన్నావు. 59లో వచ్చింది 948 సీసీ ఇంజినే కాబట్టి మధ్యలో ఎవరో మార్చారు. దాంతోపాటు వెనక యాక్సిల్ కూడా మార్చారా అన్నది ఇంజిన్ నంబరు చెప్పదు. క్రౌన్ పినియన్‌కు (యాక్సిల్ లోపలి పెద్ద క్రౌన్ వీల్, చిన్న పినియన్ పళ్ల చక్రాల జత) డబ్బు పెట్టకముందే ఇప్పుడున్న రేషియో ఎంతో తేల్చుకో. రేషియో అంటే క్రౌన్ వీల్ ఒక్క చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె.

నీ బండిలో ఎక్కువగా ఉండే అవకాశమున్నవి నాలుగు. 803 సీసీ కార్లలో వచ్చిన 8/43, అంటే 5.375. 948కి 9/41, అంటే 4.555. 1962 నుంచి 1098కి 9/38, అంటే 4.22. నాలుగోది స్ప్రైట్, మిడ్జెట్ అనే చిన్న స్పోర్ట్స్ కార్ల నుంచి తెచ్చి వేసుకునే 10/39, అంటే 3.9. మొదటి అంకె పినియన్ పళ్లు, రెండోది క్రౌన్ వీల్ పళ్లు.

పద్ధతి తేలికే, కానీ చాలామంది ఒక చక్రం లేపి ఒక్క చుట్టు తిప్పి సరిపెడతారు. దాంతో 4.22కీ 4.555కీ తేడా తెలియదు. ఇరవై చుట్లు తిప్పాలి.

ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా బిగించు. హ్యాండ్‌బ్రేక్ తీసేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి చేసే పని ఇది. దిమ్మలు లేకపోతే బండి నీ మీదికే వస్తుంది. వెనక యాక్సిల్ గొట్టాల కింద, స్ప్రింగుల పక్కన రెండు స్టాండ్లు వేసి రెండు చక్రాలూ గాల్లో ఉంచు. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి దూరకు.

ఇప్పుడు ఒక వైపు చక్రం విప్పి, డ్రమ్ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో బ్రేక్ అడ్జస్టర్‌ను డ్రమ్ కదలకుండా అయ్యేదాకా బిగించు. ఇది మరిచిపోతే రెండో వైపు చక్రం తిప్పినప్పుడు ఇటు వైపుది వెనక్కి తిరుగుతుంది, షాఫ్ట్ తిరిగీ తిరగనట్టు ఉంటుంది, నీకు ఏ అంకె కావాలంటే ఆ అంకె వస్తుంది. పని అయ్యాక అడ్జస్టర్ మళ్లీ వదులు చెయ్యాలి సుమా.

ఒక వైపు పట్టేసి ఉంటే, రెండో చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌన్ వీల్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి చక్రం ఇరవై చుట్లంటే క్రౌన్ వీల్ పది చుట్లు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూసి పదితో భాగిస్తే అదే రేషియో.

టైరు మీద ఒక సుద్ద గీత, దానికి ఎదురుగా మడ్‌గార్డు మీద ఒక గీత. షాఫ్ట్ వెనక ఫ్లాంజ్ మీద తెల్ల రంగు చుక్క, దానికి ఎదురుగా డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో క్రౌన్ వీల్ ఉండే భాగం) ముక్కు మీద ఒకటి. పాత యాక్సిల్‌లో ప్లే, అంటే పళ్ల మధ్య వదులు, చాలా ఉంటుంది. అందుకని గీతలు పెట్టే ముందే చక్రాన్ని ఒక వైపుకి తిప్పుతూ, షాఫ్ట్ కదలడం మొదలయ్యే చోట ఆపు. అక్కడి నుంచి అదే వైపుకి తిప్పాలి. పొరపాటున దాటిపోతే వెనక్కి తిప్పి సరిచెయ్యకు, మొదటినుంచి మొదలుపెట్టు. చక్రం తిప్పేవాడొకడు, షాఫ్ట్ చుట్లు పైకి లెక్కపెట్టేవాడొకడు ఉంటే అంకె తప్పదు.

చివర్లో మిగిలిన ముక్క చుట్టు ఎంతో ఫ్లాంజ్‌కి ఉన్న నాలుగు బోల్టులు చెబుతాయి. బోల్టు నుంచి బోల్టుకి పావు చుట్టు. 39 చుట్లు సరిగ్గా వస్తే 3.9. 42 దాటి పావుకి కాస్త తక్కువైతే 4.22. 45న్నర దాటి ఇంకొంచెం అయితే 4.555. 53 ముప్పావు వస్తే 5.375. వీటి మధ్యలో, 44 లాంటి అంకె ఏదైనా వచ్చిందంటే బహుశా బిగించిన డ్రమ్ జారింది, లేదా లెక్క తప్పింది.

రోడ్డు మీద కూడా సరిచూసుకోవచ్చు. డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టి, బండిని నెట్టి, వెనక టైరు రెండు చుట్లకి ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచి సగం చెయ్యి. అది 1.8 మీటర్లు అనుకో: టాప్ గేర్లో 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 4.22 అయితే గంటకు దాదాపు 48 మైళ్లు, 4.555 అయితే 44, 5.375 అయితే 37న్నర. వేగం జీపీఎస్‌లో చూడు, బండి స్పీడోమీటర్‌ను నమ్మకు, ఎందుకో కింద రాశాను. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎమ్) తిరుగుతుందో చూపే టాకోమీటర్ మైనర్‌కి రాదు, అరువు తెచ్చుకో.

నీది 5.375 అని తేలితే మార్చక తప్పదు. 1098 ఇంజిన్ యాభై మైళ్లకే గగ్గోలు పెడుతుంది. 4.555 అయితే 4.22కి మార్చుకో, 1098కి ఫ్యాక్టరీ ఇచ్చిందే అది. 3.9 మోటర్‌వేకి హాయి, కానీ నలుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు పదేపదే థర్డ్‌కి దిగాలి. ఇంజిన్ ఆరోగ్యం చూడకుండా దాని జోలికి పోకు. యూనిట్ విప్పాక క్రౌన్ వీల్ మీద కొట్టిన 9/38 లాంటి అంకెలు చదివి, పళ్లు కూడా ఒకసారి లెక్కపెట్టి బిగించు. కొత్త గాస్కెట్, ఒకటిన్నర పింట్ల ఈపీ 90 హైపాయిడ్ ఆయిల్ సిద్ధంగా ఉంచుకో.

స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి తిరుగుతుంది కాబట్టి యాక్సిల్ మారితే అది తప్పు చూపిస్తుంది. డయల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అంకె, మైలుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది. కేబుల్‌ని మీటర్ నుంచి విప్పి, కొసకి చిన్న అట్టముల్లు గుచ్చి, బండిని నేల మీద 16.09 మీటర్లు తిన్నగా నెట్టు. ముల్లు తిరిగిన చుట్లను వందతో గుణించి డయల్ మీది అంకెతో పోల్చు. తేడా ఉంటే మీటర్ బాగుచేసేవాడికి ఈ రెండు అంకెలూ ఇచ్చావంటే చాలు.

ఇట్లు,
మీ పెదనాన్న