‘షోరూం కండిషన్’ అన్న మాట కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి అమలాపురం తీసుకెళ్లాలి. అందుకని సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాం. ఫోన్‌లో రెండు ప్రకటనలు నచ్చాయి. ఒకటి చక్కగా, తప్పుల్లేకుండా ఉంది: ‘డాక్టర్ గారి బండి, షోరూం కండిషన్, ఒక్క రూపాయి పని లేదు, అర్జెంట్ సేల్.’ రెండోది అన్నీ తప్పులే: ‘యడమ డోరు టింకరింగు చేయించాం, ఏసీ గ్యాసు పట్టించాలి, 2వ ఓనరు, 71 వేలు తిరిగింది.’ రాసిన తీరు చూసి మనిషిని నమ్మొచ్చా? రేపు మోసమని తేలితే ఆ ప్రకటన కోర్టులో పనికొస్తుందా?

జవాబు: అమ్మా, నేనైతే ముందు రెండో కారు చూడ్డానికి వెళ్తాను. అక్షర దోషాలు చూసి ఎవర్నీ తీసెయ్యకండి. మన వైపు చెరువులూ కొబ్బరి తోటలూ చూసుకునేవాళ్లలో చాలామందికి ఫోన్‌లో తెలుగు కొట్టడం అలవాటుండదు, నోటికొచ్చినట్టు రాసేస్తారు. కానీ ఆయన నాలుగు సంగతులు చెప్పాడు, నాలుగూ మీరు సరిచూసుకోగలిగినవే. మొదటి ప్రకటనలో ఉన్నదంతా పొగడ్త. అమ్మేవాడు సరుకును పొగుడుకోవడాన్ని చట్టం పట్టించుకోదు. ‘71 వేలు తిరిగింది’, ‘ఏక్సిడెంట్ కాలేదు’, ‘ఫైనాన్స్ లేదు’ లాంటివి మాత్రం నిజమో అబద్ధమో తేల్చగల మాటలు. తెలిసి అబద్ధం చెబితే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసం. 19వ సెక్షన్ ప్రకారం మీరు ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చు.

ప్రైవేటు మనిషి దగ్గర కొంటున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో, సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు ఆ వ్యాపారం చేసేవాళ్లకే వర్తిస్తుంది. సొంత కారు అమ్ముకునే మనిషికి ఆ బాధ్యత లేదు. అంటే మీ చేతిలో మిగిలే ఆధారం ఆయన అన్న మాటే. ప్రకటనలో ఏ మాట లేదో, దానికి మీకు ఆధారమూ లేనట్టే.

మరి చెప్పకుండా దాచిన సంగతో? అదే 17వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉదాహరణ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఆ సంగతి చెప్పకపోతే, అది మోసం కాదు. కానీ కొనేవాడు ‘మీరు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను’ అన్నాక కూడా అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. మీరూ అదే చెయ్యండి. వాట్సాప్‌లో ఇలా పంపండి: ‘ఈ కారు నీళ్లలో మునగలేదని, పెద్ద ఏక్సిడెంట్ కాలేదని, కిలోమీటర్ల రీడింగ్ వెనక్కి తిప్పలేదని అనుకుంటున్నాం. కాకపోతే చెప్పండి.’ నిజాయితీపరుడు వెంటనే జవాబిస్తాడు. దాచేవాడు ‘వచ్చి చూసుకోండమ్మా’ అని మాట తప్పిస్తాడు.

నీళ్ల సంగతి ఊరికే అనలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండి కడిగి, సీట్లు మార్చి మన వైపు తెస్తే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరిదాకా, ఆగిపోయేంతవరకు లాగి చూడండి. లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని ఎవరూ సరిగ్గా కడగరు. అక్కడ మట్టి చార కనబడితే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

ఇలా చూసుకోవడం చట్టరీత్యా కూడా అవసరం. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండి కూడా చూసుకోకపోతే, దాచారన్న కారణంతో బేరం రద్దు చేయమని అడగలేరని 19వ సెక్షనే చెబుతోంది. బండి మీద ఫైనాన్స్ ఉందో లేదో ప్రభుత్వ రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఆర్సీలో పేరూ, అమ్మే మనిషి ఆధార్‌లో పేరూ ఒకటేనా చూడండి. అదే ఫోన్ నంబరు మరో నాలుగు కార్ల ప్రకటనల్లో కనబడితే ఆయన ఓనరు కాదు, బ్రోకరు. అది మీకు ఒకందుకు మంచిదే: వ్యాపారి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సొంత కారు అమ్ముకున్న మనిషి మీదైతే సివిల్ కోర్టుకే వెళ్లాలి.

మీ వైపు వాళ్లకు యానాం బండ్లు, అంటే పుదుచ్చేరి పీవై నంబరువి కూడా తగులుతుంటాయి. రేటు తక్కువని ఆశపడకండి. ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, ఆంధ్రా పన్ను కట్టి, నంబరు మార్పించుకోవాలి. ఆ ఖర్చు కలిపి లెక్కేసుకోండి.

ప్రకటన కోర్టులో పనికొస్తుంది, దాచుకుంటేనే. పాలకొల్లు వైపు నుంచి ఒకాయన నా దగ్గరకొచ్చారు. ‘ఏక్సిడెంట్ కాలేదు’ అన్న మాట నమ్మి కారు కొన్నారు. మెకానిక్ బానెట్ కింద వెల్డింగు అతుకులు చూపించాకే మోసం తెలిసింది. అప్పటికే అమ్మినాయన ప్రకటన తీసేశాడు. ఈయన దగ్గర మిగిలినవి కారు తాళాలు, సంతకం పెట్టిన ఖాళీ పేరు మార్పు ఫారాలు. ఎంత బాధపడ్డారో చెప్పలేను, కానీ చూపించడానికి ఏమీ లేక కేసు వెయ్యలేకపోయాం. అందుకే ప్రకటన కనిపించిన రోజే తేదీ, నంబరు పడేలా స్క్రీన్‌షాట్ తీయండి, చాటింగ్ చెరపకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద దానికి సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. ప్రకటనలోని మాటలనే అమ్మకం కాగితంలో రాయించి సంతకం పెట్టించుకుంటే ఇంకా గట్టిది. మొదటి ప్రకటన ఆయన ‘ఒక్క రూపాయి పని లేదు’ అని కాగితం మీద రాయడానికి ఒప్పుకుంటాడేమో అడిగి చూడండి.

కొన్నాక 30 రోజుల్లో ఆర్సీ, 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఈలోపు కారుకేమైనా అయితే మరమ్మతుల క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. అడ్వాన్సు చేతికివ్వకండి, బ్యాంకు ద్వారానే పంపండి. అది కూడా ఆ వాట్సాప్ మెసేజ్‌కి రాతపూర్వకంగా జవాబు వచ్చాకే.