బుజ్జికి అత్త రాస్తున్న ఉత్తరం

బుజ్జీ,

మళ్లీ పాట మొదలుపెట్టావట, తంబురా, మృదంగం రెండూ వాయించే యాప్ కొన్నావట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిల్లాడు పడుకున్నాక డాలస్‌లో ఆ ఇంట్లో కూర్చుని వర్ణం పాడుతున్నావంటే నా కడుపు నిండిపోయింది. నువ్వు పాట మానేశావని ఇన్నాళ్లూ లోలోపల ఎంత బాధపడ్డానో నీకు చెప్పలేదు. కానీ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మిషన్ మృదంగం అనగానే మీ నాన్న గుర్తొచ్చాడు.

ముందు చిన్న సంగతులు. నీది ఐదున్నర శ్రుతి. గొంతు అలవాటయ్యేదాకా ఐదుకి దించుకో, నామోషీ ఏమీ లేదు. ఫోన్ స్పీకర్‌లో మంద్ర షడ్జమం, అంటే ఆ కింది స, సరిగ్గా పలకదు, పెద్ద స్పీకర్‌కి వైరుతో కలుపు. మంచి తంబురాలో ఆ మంద్ర షడ్జమంలోంచే అంతర గాంధారం, అంటే గ, దానంతటదే వినిపిస్తుంది, చెవి పెట్టి వెతుక్కో. బాబు లేస్తాడని రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గొణుక్కుంటూ పాడావో, ఊరుకోను. నీ గొంతు నీకే సరిగ్గా వినపడదు, శ్రుతి ఎటు జారుతోందో తెలియదు. గొంతు విప్పి పాడు తల్లీ. చిన్నప్పుడు నేను కాంభోజి రాగం పాడుతుంటే నా ఒళ్లోనే నిద్రపోయేదానివి, నీ కొడుకు మాత్రం ఎందుకు లేస్తాడు?

ఇక మీ నాన్న సంగతి. అప్పుడు మేం విజయనగరంలో ఉండేవాళ్లం. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన సంగీత కళాశాల ఉన్న ఊరు, మృదంగం వాయించేవాళ్లకు కొదవ లేదు. అయినా రోజూ ఎవర్ని పిలుస్తాం? ఎవర్నో బతిమాలి ఒక క్యాసెట్ చేయించుకున్నాడు. ఒకవైపు ఆది తాళం, రెండోవైపు రూపకం, మొదట్నుంచి చివరిదాకా ఒకటే నడక. అది పెట్టుకుని పొద్దున్నే సాధన. చేతులు మాత్రం మోకాళ్ల మీద ఊరికే ఉండేవి. తాళం వెయ్యరా అంటే, "క్యాసెట్ ఉందిగా అక్కా" అనేవాడు. సెల్స్ అయిపోయి టేపు నెమ్మదిస్తే వీడి పాట కూడా దాంతోపాటే నెమ్మదించేది. వంటింట్లో ఉన్న నాకు తెలిసేది, వాడికి తెలిసేది కాదు.

ఆ ఏడు నవరాత్రుల్లో గుడిలో కచేరీ. ప్రధాన కీర్తన ఆది తాళం, ఎడుపు, అంటే పల్లవి అందుకునే చోటు, ఒకటిన్నర లెక్క దగ్గర. మృదంగం మీద పెద్దాయన, మంచి ఉత్సాహంలో ఉన్నారు. అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో, నడక వదిలేసి సగం ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టులో సగం, ఊరుకుని, మధ్యలోంచి ఒక ముక్తాయి, అదే ముగింపు దరువు, ఎత్తుకున్నారు. మీ నాన్న చెయ్యి తొడ మీదే ఉంది, వేళ్లు కదలడం లేదు. అలవాటైన ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాడు. అది రాలేదు. ఒక అక్షరం, అంటే తాళంలో ఒక లెక్క, ముందే పల్లవి అందుకున్నాడు. ఫిడేలు కమాను ఒక్క క్షణం ఆగింది. పెద్దాయన వెంటనే నడక గట్టిగా పట్టి, సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, చూపించి, వాణ్ణి దారిలో పెట్టారు. సభలో సగంమందికి తెలియనే లేదు. ఆ రాత్రి మాత్రం వాడు అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆయనే కబురు చేశారు. మృదంగం పక్కన పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేత్తో తాళం వేయిస్తూ వర్ణం మొత్తం పాడించారు. ఒక్క మాట అనలేదు. మీ నాన్న ఉద్యోగం వచ్చి ఊరు వదిలేదాకా ఆయన దగ్గరికి వెళ్లాడు, తాళం ఉక్కులా కుదిరింది. వేదిక మాత్రం మళ్లీ ఎక్కలేదు. నాకు ఇప్పటికీ అదే దిగులు.

నీ యాప్‌లో సెల్స్ బెడద లేదు, వేగం మారదు. కానీ అది నీ పాట వినదు. నెరవులో, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా పాడేటప్పుడు, నువ్వు ఒక మాట సాగదీస్తే ఆగి చూడదు, నువ్వు ముగించబోతున్నావని పసిగట్టి ముక్తాయి వెయ్యదు. అందుకని ఫోన్ బోర్లించి పెట్టు, తెరమీద అంకెలు చూడకు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, చెయ్యి తిప్పడం కలిసిన ద్రుతాలు రెండు, అన్నీ పూర్తిగా చేత్తో వెయ్యి. వేగం అరవై దగ్గర పెట్టి, దాన్ని ముట్టుకోకుండా వర్ణం రెండు కాలాల్లోనూ, అంటే మామూలుగా ఒకసారి, రెట్టింపు వేగంలో ఒకసారి, పాడు. మధ్యలో మృదంగం శబ్దం తగ్గించేసి రెండు ఆవర్తనాలు ఒంటరిగా పాడి, మళ్లీ పెంచి చూడు. నీ సమం, దాని సమం కలిస్తే సరే. లేకపోతే ముందు పడ్డావా, వెనకపడ్డావా చూసుకో. రెండో కాలంలో ముందుకు ఉరుకుతావు, నాకు తెలుసు.

నెలకోసారైనా మనిషి వాయిస్తుంటే పాడాలి. మృదంగం నేర్చుకుంటున్న పిల్లలైనా పర్వాలేదు, వాళ్లకీ సాధన అవుతుంది. వాళ్లు తప్పితే నువ్వు తాళం పట్టుకుని నిలబడు.

వీడియో కాల్‌లో మీ నాన్న చేత తాళం వేయిద్దామనుకోకు, మాట అందేసరికి ఆలస్యమై ఏదీ కలవదు. మృదంగం ఆపేసి, తంబురా ఒక్కటే పెట్టుకుని పాడి, రికార్డు చేసి వాడికి పంపు. వింటూ తాళం వేసుకుని ఎక్కడ జారిందో చెబుతాడు. వాడు ఒప్పుకున్నాకే నాకు పంపు.

మీ అత్త